మాటల లెక్కలను చదువు విధము

నల్లబల్లపై "375ను 25చే భాగింపుము" అని వ్రాసినచో మన ఎనిమిదవ తరగతి బాలబాలికలు కొద్ది నిమిషములలో 15 అని చెప్పుదురు. అదే లెక్కను "ఒక దుకాణదారుడు 375 కొబ్బరికాయలను గోనెకు 25 చొప్పున నింపిన, ఎన్ని గోనెలు కావలయును?" అని వ్రాసి యిచ్చినచో తరగతిలో సగముమంది కలములు క్రింద పెట్టుదురు. తక్కినవారిలో కొందరు లేచి నిలుచుండి "సార్, గుణించాల్నా, భాగించాల్నా?" అని యడుగుదురు. అంకెలు మారలేదు. చేయవలసిన పనియు మారలేదు. నడుమ వచ్చి చేరినది ఒక తెలుగు వాక్యము మాత్రమే.

లెక్కల ఉపాధ్యాయుడను కాని నేను ఈ వ్యాసమునకు పూనుకొనుటకు కారణమిదియే. పదసమస్య మొదట తెలుగు పాఠము, పిమ్మట గణిత పాఠము. మొదటి పాఠము తప్పినవానికి రెండవదానియందు ఎంత నేర్పున్నను అక్కరకు రాదు. ఈ సంగతి గుర్తింపక తల్లిదండ్రులు "మా పిల్లవానికి లెక్కలు రావు" అని నిశ్చయించుకొందురు. ఆ మాట ఇంటిలో పదిమార్లు వినబడిన పిమ్మట పిల్లవాడును దానిని నమ్మును. పదవ తరగతి సమీపించునప్పటికి కొందరు "తెలుగులో చదువుటవలననే ఇట్లయినది" అని తలచి బిడ్డను వేరొక మాధ్యమమునకు మార్చుదురు. అక్కడ అదే సమస్య అంతకంటె తక్కువగా తెలిసిన భాషలో ఎదురగును. ఇక ఆడపిల్ల గణితమున తప్పినదనగా, కొన్ని యిండ్లలో చదువే నిలిచిపోవును. ఒక విభక్తి ప్రత్యయమును సరిగా చదువకపోవుట ఇంతవరకు దారితీయుననిన అతిశయోక్తిగా తోచవచ్చును. కాని తరగతిలో దినదినము చూచుచున్నవారికి అట్లు తోచదు.

పూర్వము మనవారు గణితమును భాషనుండి వేరుచేసి చూడలేదు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పలువురు పండితుల మతము. తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో నొకటి లెక్కల పుస్తకమగుట మనకు గర్వకారణము. అందలి లెక్క తెలియవలెననిన ముందు పద్యమునకు అన్వయము కుదరవలెను. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతి యందును లెక్కలన్నియు శ్లోకములే, తుమ్మెదలు హంసలు తామరలు అందలి పాత్రలు. మన మహారాష్ట్రములోనే చాళీస్‌గావ్ సమీపమున పాటణ గ్రామమందు 1207 నాటి శాసనమొకటి కలదు. భాస్కరుని గ్రంథములను బోధించుటకై ఆయన మనుమడు చాంగదేవుడు ఒక మఠమును స్థాపించెనని అది తెలుపుచున్నది. కావున ఈ విద్య మన మాతృభాషదియు, మనము నివసించు నేలదియు గూడ. "సమస్య" యను మాటను గమనింపుడు. అవధానమునందు పృచ్ఛకుడు ఇచ్చు చరణమును సమస్య యందురు. అవధాని దానిని మొదట విడదీసి చూచి, ఏ యక్షరము వద్ద విరిచిన అర్థము కుదురునో కనిపెట్టి, పిమ్మట పూరించును. మన బాలురు సమస్యను చూచినతోడనే పూరింప బోవుచున్నారు.

విరుచుట యెట్లో చూతము. వరోరా, వణి ప్రాంతముల రైతులు పత్తి పండించుట మన పిల్లలు చూచుచున్నదే గనుక ఈ లెక్కను తీసికొందము. "ఒక రైతు తన పత్తిలో మూడవ వంతు వరోరాకు పంపి, మిగిలినదానిలో సగము వణిలో అమ్మగా, ఇంట 8 క్వింటాళ్లు మిగిలెను. అతనికి పండిన పత్తి యెంత?" ఇందు మొదటిది ఒకే వాక్యము, కాని అందు మూడు క్రియలున్నవి: పంపి, అమ్మగా, మిగిలెను. మొదటిది క్త్వార్థకము. వ్యాకరణ పాఠమున "ఒక పని ముగిసిన పిమ్మట వేరొక పని జరుగుటను తెలుపును" అని మనము నేర్చుకొన్నదే. "అమ్మగా" యనునదియు ముందు జరిగిన పనినే తెలుపుచున్నది. తెలుగు వాక్యమునకు ఈ గుణము కలదు: సమాపక క్రియ చివరకు గాని రాదు, ఈలోపల ఎన్ని పనులనైనను ఒకదాని వెంట నొకటి చేర్చవచ్చును. కథలో ఇది సొగసు. లెక్కలో బాలుడు దీనినంతటిని ఒక్క గుక్కలో మ్రింగబోయి ఉక్కిరిబిక్కిరి యగును. అతనికి మిగులునవి మూడు గుర్తులు: మూడవ వంతు, సగము, 8. వానిని ఏదో యొక విధముగా కలిపి జవాబు వ్రాసి ఊరకుండును.

చేయవలసిన పని యిది. ప్రతి క్రియ వద్ద ఒక గీత గీయవలెను. రైతు మూడవ వంతు పంపెను. ఇంకను కొంత మిగిలెను. మిగిలినదానిలో సగము అమ్మెను. ఇంట 8 క్వింటాళ్లు మిగిలెను. ఇట్లు ఒక వాక్యము నాలుగు చిన్న వాక్యములగును. రెండవ వాక్యము లెక్కలో స్పష్టముగా వ్రాయబడలేదని గమనింపుడు. దానిని మనము పైకి తీయవలసి వచ్చినది. ఇప్పుడు పలకపై ఒక పొడవైన పెట్టెను గీచి మూడు సమభాగములు చేయవలెను. ఒక భాగము వరోరాకు పోయెను. మిగిలినవి రెండు భాగములు. అందు సగమనగా ఒక భాగము వణిలో అమ్ముడుపోయెను. ఇంటనున్నది ఒక భాగము, అది 8 క్వింటాళ్లు. మొత్తము 24. బీజగణితము రాని ఐదవ తరగతి పిల్లవాడును దీనిని చేయగలడు. "సగము" అనగా మొత్తములో సగమా, మిగిలినదానిలో సగమా అను సందేహమునకు సమాధానము "మిగిలినదానిలో" అను ఒక్క మాటయందే యున్నది. ఆ "లో" యను ప్రత్యయమును వ్రేలితో తాకి చదివినవాడు తప్పు చేయడు.

విభక్తుల మాట వచ్చినది గనుక ఇక్కడ కొంత నిలువవలెను. "12ను 3చే భాగింపుము" అనిన జవాబు 4. "12చే 3ను భాగింపుము" అనిన జవాబు నాలుగవ వంతు. "3చే 12ను భాగింపుము" అనిన మరల 4. తెలుగున పదముల వరుస మారవచ్చును, కాని ప్రత్యయములు తమ పని మానవు. మొదట కనబడిన సంఖ్యను రెండవదానితో భాగించుట అలవాటైన పిల్లవాడు మూడింటిలో రెండింటియందు తప్పక పడిపోవును. "ను" ఉన్నది భాగింపబడునది, "చే" ఉన్నది భాగించునది. (మరాఠీలోను ఇదే నియమము కలదు. అక్కడ "లా", "నే" అను ప్రత్యయములు ఈ పనినే చేయును. మరాఠీ తెలిసిన మన పిల్లలకు ఇది రెండింతలు సులభము కావలెను.) "కు" చేయు పనిని చూడుడు. "40 రూపాయల బియ్యము ధర 8 రూపాయలు పెరిగెను" అనిన ఇప్పటి ధర 48. "40 రూపాయల ధర 48 రూపాయలకు పెరిగెను" అనినను ఇప్పటి ధర 48 మాత్రమే, 88 కాదు. పెరిగిన మొత్తము వేరు, పెరిగి చేరిన స్థానము వేరు. ఆ భేదమునంతటిని ఒక్క అక్షరము మోయుచున్నది.

వంతులు, రెట్లు మరియొక చిక్కు. 24లో మూడవ వంతు 8. 24నకు మూడు రెట్లు, లేక మూడింతలు, 72. "మూడు వంతులు" అని వాడుకలో అనినప్పుడు నాలుగు వంతులలో మూడు అని పెద్దల తాత్పర్యము, అనగా 18. "మూడవ", "మూడు", "మూడింతలు" అను ఈ మూడు మాటలు చెవికి దాదాపు ఒకటిగానే వినబడును. జవాబులు చూడగా 8, 18, 72. "వంతు"ను చూడగానే భాగించు పిల్లవానిని నేను తప్పుపట్టను. ఈ మాటల నడుమ భేదమును గణితములో గాని, తెలుగులో గాని మనము కూర్చుండబెట్టి చెప్పిన దినములు తక్కువ.

చేదర్థకమును గూర్చి యొక మాట. "6గురు 10 దినములలో ఒక పనిని చేసిన, 15మంది దానిని ఎన్ని దినములలో చేయుదురు?" ఇందు "చేసిన" అనగా "చేసినచో" అని యర్థము. కాని "చేసిన పని", "వ్రాసిన ఉత్తరము" అని మనము నిత్యము వాడు "చేసిన" వేరు, అది జరిగిపోయిన పనిని తెలుపును. "పని యప్పుడే అయిపోయినది గదా సార్, మరల ఎందుకు చేయుదురు?" అని యొక బాలిక అడిగినది. ఆమె తెలివిలో లోపము లేదు. పుస్తకపు భాష ఆమె యింటి భాష కాదు, అంతియే. "చేసిన" యను చోట "చేస్తే" అని చదువుమనగా వెంటనే 4 దినములని చెప్పినది. లెక్కల పుస్తకమునందలి గ్రంథభాషను పిల్లవాడు ముందు తన యింటి తెలుగులోనికి మార్చి చెప్పుకొనవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు.

పిల్లలలో మరియొక అలవాటు ప్రబలియున్నది. దీనిని కొందరు పెద్దలే నేర్పుచున్నారు. "మొత్తము" అని యున్న కూడుము, "మిగిలినది" అని యున్న తీసివేయుము, "ఎక్కువ" యని యున్న కూడుము, "చొప్పున" అని యున్న గుణింపుము అని మాటల పట్టికను కంఠస్థము చేయించుదురు. నాకీ పద్ధతియందు విశ్వాసము లేదు. "గోపాలుని వద్ద 24 గోళీలు కలవు. అవి రహీము వద్దనున్న వానికంటె 6 ఎక్కువ. రహీము వద్ద ఎన్ని కలవు?" పట్టిక నేర్చినవాడు "ఎక్కువ"ను చూచి 30 అనును. రహీముకే తక్కువ యున్నవని లెక్క చెప్పుచుండగా అతనికి గోపాలునికంటె ఎక్కువ గోళీలు ఇచ్చును! వ్యాసము మొదట చెప్పిన కొబ్బరికాయల లెక్కలో "చొప్పున" ఉన్నది, చేయవలసినది భాగహారము. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అని ముందు ప్రశ్నించుకొన్నవాడు పట్టికతో పనిలేకయే 18 అని చెప్పును.

ఈ వ్యాధి మన పిల్లలకే కాదు. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమందలి గణిత విద్యా పరిశోధకులు 1979–80 ప్రాంతమున చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చిరి. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నవి, ఓడ నాయకుని వయస్సెంత అని ప్రశ్న. 97 మందిలో 76 మంది ఇచ్చిన అంకెలతోనే ఏదో చేసి జవాబు చెప్పిరి. 36 ఏండ్లని లెక్క తేలినది! నవ్వు వచ్చును గాని, ఆ పిల్లలు అవివేకులు కారు. బడిలో ఇచ్చిన ప్రతి లెక్కకు జవాబుండి తీరునని, ఇచ్చిన ప్రతి అంకెను వాడి తీరవలెనని వారు నేర్చుకొనియుండిరి. ఆ పాఠమును వారికి నేర్పినది బడియే.

ఇక మాజ్రి పిల్లలకు ప్రత్యేకముగా ఎదురగు కష్టమును చెప్పవలెను. బొగ్గు గనులలో పనికై తెలంగాణపు జిల్లాలనుండి తాతల తండ్రుల కాలమున వచ్చి స్థిరపడిన కుటుంబములు మనవి. ఇంట తెలుగు, బడిలో పుస్తకపు తెలుగు, బజారున మరాఠీ, గని వద్దను రైల్వే స్టేషనునందును హిందీ. పిల్లవాడు ఒక్క దినములో నాలుగు విధముల సంఖ్యలను వినును. తెలుగున "నలువది యైదు" అనిన పదులు ముందు, ఒకట్లు వెనుక. వ్రాయు వరుసయు అదియే. మరాఠీలో "పంచేచాళీస్" అనిన ఐదు ముందు వినబడును, నలువది వెనుక వినబడును. చెవితో విన్న వరుసనే వ్రాసినవాడు 54 వ్రాయును. "ఏకోణతీస్" అనిన ఇంకను కష్టము. "తీస్" వినబడినది గనుక ముప్పది దాటినదని పిల్లవాడు తలచును. కాని అది 29. ఏక, ఊన అని విడదీసిన "ఒకటి తక్కువైన ముప్పది". సంస్కృతమున "ఏకోనవింశతి" చదువుకొన్న పెద్దలకు ఇది తెలియును. పేరులోనే ఒక తీసివేత దాగియున్నదని చెప్పినచో పిల్లలు సంతోషింతురు, మరల మరువరు.

ఈ సంఖ్యానామముల విషయమై 2019లో మహారాష్ట్రమంతట పెద్ద చర్చ జరిగినది. బాలభారతి ప్రకటించిన రెండవ తరగతి గణిత పుస్తకమునందు "వీస్ ఏక్", "సాఠ్ తీన్" అని పదులను ముందు చెప్పు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 63ను "త్రేసష్ట్" అనుటకంటె "సాఠ్ తీన్" అనుట చిన్న పిల్లలకు సులభమని గణిత సమితి అధ్యక్షురాలుగా నుండిన డాక్టరు మంగళా నారళీకర్ వాదించిరి. దక్షిణ దేశపు భాషలలో సంఖ్యలను ఈ వరుసనే చెప్పుదురనియు ఆమె ఎత్తి చూపిరి. మరాఠీ చెడిపోవునని పలువురు ఆక్షేపించిరి. ఆ విదుషీమణి 2023లో పరమపదించిరి. మరాఠీ ఎట్లుండవలెనో నిర్ణయించుట మరాఠీవారి పని, అందు మనము వేలు పెట్టరాదు. కాని మన మాతృభాషలోని సంఖ్యలు పదుల స్థానమును, ఒకట్ల స్థానమును ఉన్నదున్నట్లు పలుకుచున్నవని ఒక గణితవేత్త చూపినది. తెలుగు మాధ్యమము వలన లెక్కలు రావని తలచు తల్లిదండ్రులు ఈ సంగతిని మనస్సున ఉంచుకొనవలెను.

బజారు మరాఠీలో భిన్నములకు మంచి మాటలున్నవి. "సవ్వా" అనిన ఒకటింబావు, "దీడ్" అనిన ఒకటిన్నర, "అడీచ్" అనిన రెండున్నర. "పావణేదోన్" అనిన పావు తక్కువ రెండు, అనగా ఒకటి ముప్పావు. ఇవి నూర్లతో చేరినపుడు జాగ్రత్త కావలెను. "సవ్వాశే" 125, "దీడ్‌శే" 150, "అడీచ్‌శే" 250, "పావణేతీన్‌శే" 275. ఈ కడపటిది 300లో పావు కాదు, పావు తక్కువ మూడు నూర్లు. మన పెద్దల నోట "దేఢ్", "ఢాయి" యను మాటలు నేటికిని వినబడుచుండును గనుక వారు వీనిని ఎరుగుదురు. పిల్లలకు చెప్పిన చాలును.

కొన్ని మాటలు రెండు భాషలలో ఒకటే రూపమున నుండి వేరువేరు అర్థములిచ్చును. మరాఠీ గణితమున "బాకీ" అనిన శేషము, తీసివేతకు "వజాబాకీ" అని పేరు. మన యిండ్లలో "బాకీ" యనిన అప్పు. మరాఠీ పుస్తకమున "ఉదాహరణ్" అనిన విద్యార్థి చేయవలసిన లెక్క, తెలుగు పుస్తకమున "ఉదాహరణ" యనిన చేసి చూపిన లెక్క. ప్రక్కయింటి మరాఠీ మిత్రుడు "ఉదాహరణలు చేసితివా?" అని యడిగిన మనవాడు "అవి పుస్తకములోనే చేసియున్నవి గదా" యనుట వింతకాదు. తెలుగులోనే "సరాసరి" గణితమున సగటు, వీథిలో "తిన్నగా" అని యర్థము. ఇట్టి మాటలను నోటు పుస్తకము చివరి పుటలలో రెండు వరుసలుగా వ్రాసి యుంచుకొనుడని విద్యార్థులకు నా సూచన. ఏడాది ముగియునప్పటికి అది చిన్న నిఘంటువగును.

పై మాటలు చదివి, మన పిల్లలకు భాషలు ఎక్కువగుట శాపమని ఎవరును తలపరాదు. ఈ పిల్లలే బజారున కూరగాయల దుకాణము వద్ద తల్లికి తోడుగా నిలిచి, మూడు భాషలలో బేరమాడి, చిల్లర తప్పక లెక్కించి తెత్తురు. బ్రెజిల్ దేశమున రెసీఫె నగరపు వీథులలో కొబ్బరికాయలు మున్నగునవి అమ్ము ఐదుగురు పిల్లలను పరిశోధకులు పరీక్షించిన సంగతి 1985లో ప్రకటితమైనది. బజారున కొనువారివలె నిలిచి అడిగినపుడు వారి జవాబులలో నూటికి 98 సరియైనవి. అట్టి లెక్కలనే మాటలలో కూర్చి పరీక్షగా ఇచ్చినపుడు నూటికి 74. వట్టి అంకెలు, గుర్తులుగా ఇచ్చినపుడు నూటికి 37 మాత్రమే. ఇక్కడ ఒక విశేషము చూడుడు. మన తరగతిలో అంకెల లెక్క వచ్చును, మాటల లెక్క రాదు. అక్కడ మాటల లెక్క అంకెల లెక్కకంటె మేలు. వారికిచ్చిన మాటలు వారి బ్రతుకులోనివి. కావున మాటలే పిల్లవానికి శత్రువులని అనుకొనరాదు. మన గోనెల లెక్కను కూరగాయల సంచుల లెక్కగా మార్చి, బజారు పలుకుబడిలో నోటితో అడిగి చూడుడు.

తల్లిదండ్రులు చేయదగిన పని ఇక్కడనే కలదు. చదువురాని తల్లియు దీనిని చేయగలదు. సాయంకాలము పిల్లవానిచే లెక్కను బిగ్గరగా చదివింపుడు. పిమ్మట పుస్తకము మూసి, అంకెలు చెప్పకుండ ఆ కథను చెప్పుమనుడు. "ఒక రైతు కొంత పత్తి పంపినాడు, మిగిలినదానిలో కొంత అమ్మినాడు, ఇంట్లో కొంత మిగిలింది, మొదట ఎంత ఉండెనని అడుగుచున్నారు" అని చెప్పగలిగిన, సగము పని యైనట్లే. చెప్పలేనిచో పెన్ను పట్టనీయక మరల చదివింపుడు. జవాబు ఎక్కువ వచ్చునా తక్కువ వచ్చునా అని ముందే అడుగుడు. ఇంట 8 క్వింటాళ్లు మిగిలిన రైతునకు మొత్తము 4 క్వింటాళ్లే పండినవని జవాబు వచ్చినచో, గణితము రాని తల్లియు "అదెట్లురా బిడ్డా?" అని యడుగగలదు. ఆ ప్రశ్నకు మించిన గురువు లేడు. గనిలో పనిచేయు తండ్రి జీతపు చీటిని ముందుంచుకొని హాజరీ యెన్ని, అదనపు గంటలెన్ని, కోతలెంత అని పిల్లవానిచే లెక్క కట్టింపవచ్చును. అవ్వలకు పొడుపుకథలు తెలియును. కొలనిలోని పువ్వులపై ఒక్కొక్క తుమ్మెద వ్రాలిన ఒక తుమ్మెద మిగులును, రెండేసి వ్రాలిన ఒక పువ్వు మిగులును, పువ్వులెన్ని తుమ్మెదలెన్ని అను లెక్క తెలియని తెలుగు అవ్వ అరుదు. (పువ్వులు మూడు, తుమ్మెదలు నాలుగు.) బీజగణితమున రెండు సమీకరణములతో సాధించుదానిని అవ్వ కథగా చెప్పుచున్నది.

జవాబు వచ్చిన పిమ్మట మరల లెక్కలోని మాటల వద్దకు పోవుట మన పిల్లలు బొత్తిగా మరచినారు. తాడోబా విహారయాత్రకు 100 మంది విద్యార్థులు పోవలెను, బస్సునకు 30 మంది చొప్పున ఎన్ని బస్సులు కావలయుననగా "3 బస్సులు, శేషము 10" అని వ్రాయుదురు. ఆ శేషము పదిమంది తోటి పిల్లలు. వారిని మాజ్రిలో విడిచి పోవుదురా? నాలుగవ బస్సు కావలెను. రైలు లెక్కయు ఇట్టిదే. 240 మీటర్ల పొడవుగల రైలు 360 మీటర్ల ప్లాట్‌ఫారమును 30 సెకనులలో దాటిన వేగమెంత? పిల్లలు 360ని 30చే భాగించి సెకనుకు 12 మీటర్లనుదురు. జంక్షను ఊరిలో పుట్టిన మన పిల్లలకు "దాటుట" యనిన నేమో వేరొకరు చెప్పవలెనా? ఇంజను ప్లాట్‌ఫారము మొదలును తాకినప్పటినుండి కడపటి పెట్టె దాని చివరను విడుచువరకు. అనగా ఇంజను పోయిన దూరము 600 మీటర్లు. వేగము సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు. గేటు వద్ద నిలిచినపుడు ఇంజను పోగానే ఎవరును పట్టాలు దాటరు గదా!

హంగరీ దేశమున జన్మించిన గణితవేత్త జార్జి పోల్యా 1945లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథమున, లెక్కను సాధించుటకు నాలుగు మెట్లు చెప్పెను: సమస్యను గ్రహించుట, ఉపాయము ఆలోచించుట, దానిని నడపుట, వెనుకకు తిరిగి చూచుట. మన బడులలో నడపుట యను మూడవ మెట్టును గూర్చియే శ్రద్ధ యెక్కువ. మొదటిదియు కడపటిదియు భాషకు సంబంధించినవి గనుక, తెలుగు గంటలో వారమునకొకసారి రెండు పదసమస్యలను గద్యపాఠమువలె చదివించుట మేలని నా యభిప్రాయము. క్రియలు గుర్తింపుమనిన, విభక్తులు చెప్పుమనిన వ్యాకరణమును సాగును, లెక్కయు సాగును.

విద్యార్థులారా, ఈ క్రింది నాలుగు లెక్కలను ఇంట పెద్దలకు వినిపించి, అంకెలు లేకుండ కథ చెప్పి, పిమ్మట సాధింపుడు.

గనిలో ఒక డంపరు ఒకమారు 60 టన్నుల మట్టిని మోయును. గంటకు 4 మారులు చొప్పున తిరిగినచో, 8 గంటల షిఫ్టులో అరగంట విశ్రాంతి పోగా ఎన్ని టన్నులు మోయును?

లక్ష్మి తన వద్దనున్న రూపాయలలో నాలుగవ వంతుతో పుస్తకములు కొని, మిగిలినదానిలో మూడవ వంతు చెల్లెలికీయగా 90 రూపాయలు మిగిలెను. మొదట ఆమె వద్ద ఎంత యుండెను?

ఉల్లిగడ్డల వ్యాపారి మూట ధర "పావణేతీన్‌శే" అని చెప్పి, బేరమాడగా మూటకు "పంచ్‌వీస్" రూపాయల చొప్పున తగ్గించెను. రెండు మూటలకు ఎంత ఇయ్యవలెను?

58 పెట్టెలు గల బొగ్గు రైలు ఉదయము 6 గంటలకు మాజ్రినుండి బయలుదేరి గంటకు 40 కిలోమీటర్ల వేగమున నాగపురమునకు పోయెను. అది ఎన్ని గంటలకు చేరెను?

ఈ నాలుగింటిలో ఒకదానికి, ఇచ్చిన మాటలతో జవాబు రాదు. అది ఏదియో, అందు అక్కరలేని అంకె యేదియో, ఇంకేమి తెలిసినచో జవాబు వచ్చునో తెలుగులో రెండు వాక్యములుగా వ్రాసి నాకు చూపవలెను.